నేర్పిన చెయ్యి

దాసు అరుగు అంచున కూర్చుని కాళ్లు చాపితే, అచ్చియ్యమ్మ చెంబుతో నీళ్లు పోసి కడిగేది. తన చీర చెంగుతోనే తుడిచేది. ముఖం కడిగి, లాగు తొడిగి, బొత్తాం పెట్టేది. తలకి ఆముదం రాసి, చోడిపిండి అంబలి గిన్నె పట్టుకుని ఎదురుగా చతికిలబడేది. మనవడు నోరు తెరవడం, ఆవిడ అందించడం. వాడికి ఎనిమిదేళ్లొచ్చాయి. కోడలు చిన్నతల్లి వీణ్ణి కని కన్నుమూసినప్పటి నుంచీ ఆ ఇంట్లో రోజూ ఇలాగే తెల్లవారుతోంది.

దసరా వెళ్లాక నూకరత్నం దాసు తండ్రి బంగార్రాజుకి రెండో భార్యగా ఆ ఇంటికొచ్చింది. అత్తగారు మనవణ్ణి సాకే తీరు చూసి మొదట్లో ముచ్చటపడింది. ముసలావిడకి చూపు మందగించింది, నడుము వంగింది. అయినా మనవడి దగ్గరికొచ్చేసరికి ఆ చేతులు ఎక్కడా తడుముకోవు. వాళ్లిద్దరి మధ్యకి తానెందుకు వెళ్లడమని నూకరత్నం వంటా వాకిలీ చూసుకుంటూ ఊరుకుంది.

మాఘమాసంలో ఒకరోజు దాసు పలక మర్చిపోయి బడికి వెళ్లిపోయాడు. నూకరత్నం పలక పట్టుకుని వెళ్లేసరికి పిల్లలంతా ఆటవిడుపుకి బయటికొచ్చి ఉన్నారు. దాసు బడి గోడవార నిలబడి రెండు చేతులా లాగు పట్టుకుని ఉన్నాడు. ఒంటేలుకి వెళ్లొచ్చాక బొత్తాం పెట్టుకోవడం వాడికి చేతకాలేదు. చుట్టూ నలుగురు కుర్రాళ్లు చేరి, "వొదుల్రా, వొదుల్రా, సూద్దాం," అని చప్పట్లు కొడుతున్నారు. వాడు ఏడవడం లేదు. పెదాలు బిగబట్టి నేలవైపు చూస్తున్నాడు.

నూకరత్నం పిల్లల్ని కసిరి, వాణ్ణి గోడ వెనక్కి తీసుకుపోయింది. బొత్తాం మీదికి చెయ్యి వెళ్లబోయి ఆగింది.

"ఇదిగో సూడు. బొత్తాన్ని కన్నంలోకి తొయ్యకు. కన్నాన్నే బొత్తాం మీదకి లాగు. ఈ ఏలితో పట్టుకో, ఈ ఏలితో లాగు."

వాడు లాగాడు. జారిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారిపోయింది. నూకరత్నం చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది, సాయం పట్టకుండా ఉండడానికి. చివరికి బొత్తాం కన్నంలోంచి తొంగి చూసింది. దాసు తలెత్తి ఆమెకేసి చూసి, వెంటనే దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేవరకూ దారంతా ఊడదీస్తూ పెడుతూనే వచ్చాడు.

మర్నాటి నుంచి నూకరత్నం వాడికి ఒక్కొక్కటీ అప్పజెప్పింది. పడుకున్న బొంత మడత పెట్టుకోవడం, తిన్న కంచం తోముకోవడం. బూడిద ఎంత తీసుకోవాలి, పీచు ఎలా పట్టాలి, అంచు కింద మెతుకు ఎక్కడ దాక్కుంటుంది, అన్నీ పక్కన కూర్చుని చూపించింది. నూతి దగ్గరికి మాత్రం వెళ్లనివ్వలేదు. "నుయ్యి నీ ఈడుకి కాదు. గోళెంలో నీళ్లు నాను పోస్తాను, సెంబుతో ముంచి నువ్వు వాడుకో." పొయ్యి దగ్గరికీ రానివ్వలేదు. పిడకలు అందివ్వమంది, ఊదుగొట్టం ముట్టుకోవద్దంది. మధ్యాహ్నం బడి లేనినాడు చేటలో గుప్పెడు బియ్యం పోసి, రాళ్లు ఏరమంది. వాడు ఒక్కో రాయికీ, "పిన్నీ, దొరికింది!" అని కేకేసేవాడు.

అచ్చియ్యమ్మకి ఇదంతా నచ్చలేదు.

"మగ గుంటడి సేత కంచాలు తోమిస్తావేటే? సూసినోళ్లేటనుకుంతారు?"

"ఆడి కంచమే గదత్తా. ఊరోళ్లయి కాదుగా."

"నానుండగా ఆడికి ఆ కర్మేటి?"

దాసు అంబలి గిన్నె మామ్మ చేతిలోంచి తీసుకుని, "నానే తాగుతాను మామ్మా," అన్నాడు. సగం మెడ మీద ఒలకబోసుకున్నాడు. అచ్చియ్యమ్మ చెంగు పట్టుకుని ముందుకు వంగింది. ఈలోగా వాడే ముంజేత్తో తుడిచేసుకున్నాడు. ఆవిడ చెంగు కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

చెరకు కొట్టే రోజులు. బంగార్రాజు చీకటుండగానే లేచి గానుగ దగ్గరికి పోతే, మళ్లీ దీపాల వేళకే రావడం. ఇంట్లో ఏం జరుగుతోందో చెబితే వింటాడు గానీ, ఏదీ అనడు. తల్లి చెబితే తల్లికి తలూపేవాడు, పెళ్లాం చెబితే పెళ్లానికి.

ఒక ఆదివారం నూకరత్నం అన్నం కారేజీతో దాసుని వెంటబెట్టుకుని పొలానికి వెళ్లింది. బెల్లం పొయ్యి మీద పెద్ద పెనంలో పాకం కుతకుతమంటోంది. బంగార్రాజు తెడ్డుతో ఒక ముద్ద తీసి, చెరకాకు మీద వేసి కొడుక్కిచ్చాడు. "సల్లారినాక తిను," అన్నాడు. దాసుకి ఓపిక లేదు. వేలు పెట్టాడు. పాకం వేలికి పట్టేసింది.

నూకరత్నం వాడి చెయ్యి పట్టుకుని తొట్టి నీళ్లలో ముంచింది. బంగార్రాజు తెడ్డు పారేసి పరుగెత్తుకొచ్చాడు. "సెప్పేను గదరా, సల్లారనీమని," అంటూ వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చూపుడు వేలు కొసన రేగుపండంత బొబ్బ లేచింది. ఇంటికొచ్చాక నూకరత్నం కలబంద చీల్చి గుజ్జు రాసింది. దాసు మామ్మ ఒళ్లో తలపెట్టి జరిగిందంతా చెప్పాడు. నాన్న పాకం ఇచ్చాడనీ, ఆగమన్నాడనీ, తానే ఆగలేదనీ.

మర్నాడు పక్కింటి దేముడమ్మ మజ్జిగకి వచ్చి దాసు చెయ్యి చూసింది.

"ఇదేటొదినా, గుంటడి ఏలికి?"

అచ్చియ్యమ్మ పెద్దగా ఒక నిట్టూర్పు విడిచింది. "ఏటి సెప్తాను దేముడమ్మా. తల్లి లేని గుంటడు," అంది.

వంటింట్లో ములగాకు దూస్తున్న నూకరత్నం చెయ్యి ఆగిపోయింది. అత్తగారు ఇంకొక్క మాట అంటుందేమోనని చెవులు రిక్కించింది. ఆవిడ అనలేదు. దేముడమ్మ మజ్జిగ చెంబు తీసుకుని వెళ్లిపోయింది, వచ్చినప్పటికంటే తొందరగా.

ఆ తర్వాత నూతి దగ్గర నూకరత్నం వచ్చేసరికి మాటలు ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు ఆమె చేద వేస్తుంటే వెనకనుంచి ఎవరో అన్నారు: "కంచం సరిగ్గా తోమలేదని వాత పెట్టిందట. సవితి తల్లంటే మరి!" నూకరత్నం వెనక్కి తిరగలేదు. గబగబా చేద లాగేసింది, సగం నీళ్లు నూతిలోనే ఒలికిపోయాయి.

ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది. "బొబ్బ ఎలగొచ్చిందో నీకు తెలుసు. నువ్వే ఇచ్చేవు పాకం. ఎల్లి ఒక్క మాట సెప్పలేవా?"

బంగార్రాజు అన్నం కలుపుతూ తల దించుకున్నాడు. "ఎవరింటికని ఎల్లి సెప్పను? నాలుగు రోజులు పోతే ఆళ్లే మర్సిపోతారు."

"మీ అమ్మకీ తెలుసు."

అతను కంచం కొంచెం ముందుకి జరిపాడు. ఆమె ఇంకొంచెం చారు వడ్డించింది.

మర్నాడు పొద్దున్న నూకరత్నం దాసు లేవకముందే వాడి బొంత మడత పెట్టేసింది. వాడు కంచం తీసుకుని దొడ్డివైపు వెళ్తుంటే, చేతిలోంచి తీసుకుని తానే తోమేసింది. బియ్యం చేట అటక మీద పెట్టేసింది. "మామ్మ దగ్గరికెల్లు," అని మాత్రం అంది. నవ్వలేదు, కోపపడనూ లేదు.

అచ్చియ్యమ్మ ముఖం వికసించింది. మళ్లీ కాళ్లు కడిగింది, ఆముదం రాసింది, అంబలి గిన్నె పట్టుకుని కూర్చుంది. దాసు నోరు తెరిచాడు, తాగాడు. రెండో గుక్కకి కళ్లు నేలవైపు వాలిపోయాయి. మధ్యాహ్నం అన్నం ముద్దలు కలిపి పెడితే బుద్ధిగా తిన్నాడు. కలపడం అయ్యాక ఆవిడ చేతికి అంటిన మెతుకులవంకే చూస్తూ కూర్చున్నాడు.

రెండో రోజూ అంతే. మూడో రోజు నూకరత్నం దొడ్లో పిడకలు చరుస్తుంటే, వసారాలోంచి వాడి మాటలు వినిపించాయి.

"మామ్మా, నానేటి తప్పు సేసేను?"

"తప్పేటి బాబూ? నువ్వు బంగారం."

"మరి పిన్ని నాకు పనివ్వట్లేదేటి? కంచం సరిగ్గానే తోమేను. అంచు కింద కూడా సూసేను." వాడి గొంతు సన్నబడింది. "ఏలు కాల్సుకున్నాననా? ఇంక కాల్సుకోనని సెప్పు మామ్మా. నువ్వు సెప్తే ఇంటాది."

నూకరత్నం చేతిలో పేడ ముద్ద అలాగే ఉండిపోయింది. లేచి వెళ్లి వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకుంటే నూతి దగ్గర ఇంకేం కథ పుడుతుందో. ముద్దని గోడకేసి గట్టిగా చరిచింది. కాసేపటికి నూకరత్నం తలుపు వార నుంచి తొంగి చూస్తే, ముసలావిడ మనవడి వీపు మీద చెయ్యి వేసి, ఎక్కడికో చూస్తూ కూర్చుని ఉంది.

ఆ మర్నాడే చీడికాడ నుంచి పెదబాబు వచ్చాడు. చిన్నతల్లికి ఒక్కగానొక్క అన్న. మెళ్లో కండువాతో ముఖం తుడుచుకుంటూ, చంకలో తేగల కట్టతో వాకిట్లో నిలబడ్డాడు. ఇంట్లో మగాళ్లెవరూ లేరు. బంగార్రాజు బెల్లం బళ్లతో అనకాపల్లి వెళ్లాడు.

"రా అన్నియ్యా, కూకో," అంది నూకరత్నం. "ఆయన సందేళకొస్తారు."

పెదబాబు కూర్చోలేదు. తేగల కట్ట అరుగు మీద పెట్టి, అచ్చియ్యమ్మకేసి తిరిగాడు. "బాగున్నావా అత్తా?"

ఆవిడ స్తంభాన్ని పట్టుకుని లేవబోతూ ఉండగా, లోపల్నించి దాసు వచ్చాడు. రెండు చేతులా చెంబు పట్టుకున్నాడు. నిండా నీళ్లు. నాలుక పళ్ల మధ్య బిగించి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, మేనమామ కాళ్ల దగ్గర చెంబు దించాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి అందించాడు.

"మావా, కాళ్లు కడుక్కో."

పెదబాబు చెంబు చూశాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి చూశాడు. వేలి కొసన బొబ్బ ఎండి తోలు లేచి ఉంది. ఆయన ముఖం నల్లబడింది.

"ఇదేటత్తా? మా సెల్లి కొడుకు ఈ ఇంట్లో నీళ్లు మోస్తన్నాడా? సంతలో నలుగురూ అనుకుంతంటే నమ్మలేదు నాను. ఒరే, ఆ సెయ్యేట్రా?"

దాసు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "బెల్లం పాకం మావా. నాన్న..."

"ఆళ్లు సెప్పమన్నట్టు సెప్పకు. బయపడకు, నానున్నాను." పెదబాబు మళ్లీ అచ్చియ్యమ్మకేసి తిరిగాడు. "మా సెల్లి పిల్లాణ్ణి పనోడిలాగ సూస్తన్నారని దానికి తెలిస్తే ఏటవుద్ది? నాతో పంపెయ్యండి. మా ఇంట్లో పాలేర్లున్నారు. ఆడు సెంబు ముట్టక్కర్లేదు."

నూకరత్నం గుమ్మం పట్టుకుని నిలబడింది. తానేం చెప్పినా అది తప్పించుకునే మాటే అవుతుంది. కన్నతల్లి తరఫు మనిషి. ఆయనకి నమ్మకమున్నది ఒక్క అచ్చియ్యమ్మ మాట మీదే. ఆవిడ ఇప్పుడు మాట్లాడనక్కర్లేదు కూడా. మొన్నటిలాగే ఒక్కసారి నిట్టూరిస్తే చాలు.

అచ్చియ్యమ్మ స్తంభం ఊతగా పూర్తిగా లేచి నిలబడింది.

"పెదబాబూ, ముందు కాళ్లు కడుక్కో. గుంటడు సుక్క ఒలక్కుండా తెచ్చేడు."

"అది కాదత్తా..."

"సెప్తాను. ఆ ఏలు బెల్లం పొయ్యి కాడ కాలింది. పాకం ఇచ్చింది ఆడి బాబు. ఆ రోజే గుంటడు నాకు సెప్పేడు. దేముడమ్మ అడిగినప్పుడు నానే నోరిప్పలేదు. దాంతో ఊరంతా అల్లుకుంది." ఆవిడ ఆయాసంతో ఆగి, మళ్లీ అంది: "ఇంక పనులంటావా, అయి నేర్పింది నాను."

నూకరత్నం తలెత్తింది.

"నువ్వా?" అన్నాడు పెదబాబు.

"నాను కాక ఎవరు? సూపానదు గదా, కోడలికి సెప్పి నేర్పించేను. ఎన్నాళ్లుంతాను నాను? నా సేతులు పోయిన్నాడు ఆడి సేతులు పన్జెయ్యాలా వొద్దా?"

"మగ గుంటడికి ఇయ్యన్నీ ఏటత్తా?"

"మగోడికి ఆకలెయ్యదేటి? మీ ఆవిడ పుట్టింటికెల్తే నీకెవరు వొండుతారు?"

పెదబాబు కాస్త తడబడ్డాడు. "పక్కింటోళ్లు పెడతారు."

"ఆళ్లూ పుట్టింటికెల్తే?"

దాసు కిసుక్కున నవ్వాడు. పెదబాబు వాడికేసి చూశాడు. అచ్చియ్యమ్మకేసి, నూకరత్నానికేసి చూశాడు. ఆ తర్వాత వంగి చెంబు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, ముఖం కూడా తుడుచుకున్నాడు, ఎక్కువసేపు.

అన్నాల దగ్గర దాసు మేనమామకి ఉప్పు వడ్డించాడు, మంచినీళ్లు పెట్టాడు. వెళ్లేముందు పెదబాబు వాణ్ణి దగ్గరికి లాక్కుని అడిగాడు. "వస్తావేట్రా మాతో?"

"రాను మావా. రేపు బియ్యం ఏరాలి." వాడు నూకరత్నానికేసి తిరిగాడు. "ఏరాలి గదా పిన్నీ?"

నూకరత్నం తలూపింది.

పెదబాబు వీధి మలుపు తిరిగాక, ఆమె వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఇద్దరూ తేగలు ఒలవసాగారు.

"అలగన్నావేటత్తా?"

"ఏటన్నాను?"

"నువ్వే నేర్పించేవని."

"మరేటనమంటావు? నువ్వు నేర్పేవంటే ఆడు నమ్మడు. నా మాటయితే నమ్ముతాడు." అచ్చియ్యమ్మ తేగ పీచు తీసి పక్కన పడేసింది. "గుంటడు నన్ను తప్పేటని అడిగేడే. తప్పు నాది. ఆడికేటి సెప్పను?"

నూకరత్నం ఇంకో తేగ అందుకుంది. ముసలావిడే మళ్లీ అడిగింది. "నీకెవరు నేర్పేరే, ఇయ్యన్నీ పిల్లలకి ఇలాగ సెప్పడం?"

"ఎవరూ లేదత్తా. మా అమ్మ పోయేసరికి నాకు దాసంతే ఈడు. నాయన పొలం నించొచ్చి కూడేదే అంటే, బియ్యం ఏరకుండా కడక్కుండా ఎసట్లో పోసేసేను. నోరంతా రాళ్లు. ఆయనేటీ అనలేదు, ఉమ్ముకుంటా తినేసేడు." ఆమె చేతిలో తేగ విరిగింది. "వీధిలో అందరూ పాపం తల్లి లేని గుంట అనీవోరు. రాళ్లెలాగేరాలో మాత్రం ఒక్కరూ సెప్పలేదు."

అచ్చియ్యమ్మ చూపానని కళ్లతో కోడలి ముఖం ఎక్కడుందో వెతికినట్టు చూసింది. "తల్లి లేని గుంటడు," అని తానన్న మాట గుర్తొచ్చిందేమో, ఒలిచిన తేగ కోడలి చేతిలో పెట్టింది.

తెల్లవారి నూకరత్నం వాకిలి ఊడ్చి వచ్చేసరికి వసారాలో తిరగలి చప్పుడు. అచ్చియ్యమ్మ ఒక కాలు చాపుకుని దాని ముందు కూర్చుంది. ఎదురుగా దాసు, ఒళ్లో పెసల గిన్నె.

"గుప్పెడు తీసుకో. అంతా ఒక్కసారే కుమ్మరించకు, పప్పవ్వదు, పిండవుద్ది. నాను తిప్పుతుంతే ఆగు, ఆగినప్పుడెయ్యి. తిరిగేటప్పుడు ఏలు పెట్టేవా, నలిగిపోద్ది."

"నాను తిప్పనా మామ్మా?"

"పిడి పట్టే ఈడు నీకింకా రాలేదు. గింజలెయ్యడం రానీ ముందు."

నూకరత్నం చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. వాడు ఆమెకేసి చూడనే లేదు. మామ్మ చేతినే చూస్తున్నాడు. ఆమె చెయ్యవలసిన పనిని ఎవరో ముందే చేసేసినట్టు, మనసులో ఎక్కడో చిన్నగా చివుక్కుమంది. ఇన్నాళ్లూ ఈవిడకి ఇలాగే ఉండేదా అనుకుంది. చీపురు మూల పెట్టి వంటింటివైపు కదిలింది.

"ఎక్కడికే?" అంది అచ్చియ్యమ్మ తల తిప్పకుండానే. "నువ్విసిరితే సగం నూకే. ఎవరూ సెప్పినోళ్లు లేకపోతే అంతే. బేగొచ్చి కూకో. ఇద్దరికీ రెండుసార్లు సెప్పే ఓపిక నాకు లేదు."

నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది. తిరగలి పిడి మీద అత్తగారి ముడతల చెయ్యి కింద, ఆమె చెయ్యి పైన. దాసు గుప్పెట్లోంచి పెసలు కన్నంలోకి జారాయి. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఊఁ, ఇప్పుడు తిప్పు," అంది అచ్చియ్యమ్మ.